కణము వినెడి మాట: రొమ్ము కాన్సరును గూర్చి



మన దేహమున 30 లక్షల కోట్లకు పైగా కణములు గలవని శాస్త్రజ్ఞుల యంచనా. ఇందు ప్రతి కణమును సజీవమే. ప్రతిదానికిని ఒక పని గలదు. ఐనను ఏ కణమును తన యిచ్చ వచ్చినట్లు పెరుగుటకు వీలు లేదు. పెరుగుమన్నప్పుడు పెరుగవలెను, ఆగుమన్నప్పుడు ఆగవలెను, కాలము తీరిన పిదప చావుమన్నచో చావవలెను. చర్మము తెగినప్పుడు ప్రక్కనున్న కణములు రెండు నాలుగై, నాలుగెనిమిదియై గాయమును పూడ్చును, పూడినతోడనే ఆగిపోవును. ఈ కట్టుబాటు చెడుటయే కాన్సరు. పల్లెలలో దీనిని పుట్టకురుపనియు, రాచపుండనియు చెప్పుట గలదు. ఇది వెలుపలినుండి దండెత్తి వచ్చిన శత్రువు కాదు. మన యింటివాడే మాట మీరి నడచుట వంటిది.

నేటి ప్రసంగమునకు రొమ్ము కాన్సరును విషయముగా గైకొంటిని. మన దేశమున స్త్రీలకు వచ్చు కాన్సరులలో నిదియే మొదటిస్థానమున నున్నది. ఇందు కొన్ని కంతులు సంవత్సరముల తరబడి మెల్లగా పెరుగును. కొన్ని నెలలలోనే చంకలోని గ్రంథులకును, అటనుండి ఎముకలకును, ఊపిరితిత్తులకును ప్రాకును. ఒకే యవయవమున పుట్టిన వ్యాధి యొకతెయందు నెమ్మదిగాను, వేరొకతెయందు ఉగ్రముగాను ఏల నుండునో పూర్వము వైద్యులకు అంతుపట్టలేదు. గడచిన యేబది సంవత్సరముల పరిశోధన ఆ చిక్కును చాలవరకు విప్పినది. దాని సారము ఒక్క వాక్యమున జెప్పవచ్చును: కంతి యెంత పెద్దదో తెలిసికొనుట చాలదు, దానిలోని కణములు ఏ మాట విని పెరుగుచున్నవో తెలిసికొనవలెను. ఆ మాట తెలిసినచో దానిని ఆపుటకు మార్గము దొరకును. ఈ సంగతి తెలిసిన పెద్ద గ్రామమున ఒక్కరున్నను ఒక కుటుంబము నిలుచును. అందుచేతనే మీతో మాటలాడుచున్నాను.

మొదట కణము మాటను ఎట్లు వినునో చూతము. కణము చుట్టును పలుచని పొర యొకటి కలదు. పెరుగుదలకు సంబంధించిన వర్తమానములను తెచ్చు చిన్న చిన్న పదార్థములు పెక్కు ఆ పొరను దాటి లోనికి పోజాలవు. కావున పొరయందు మాంసకృత్తులతో నిర్మితమైన గ్రాహకములను ప్రకృతి అమర్చినది. మీ చెరువు తూమును తలచుకొనుడు. తూము కొయ్య పైకొన నీటికి పైన నిలిచియుండును. దాని క్రింద బిరడా నీటిలో మునిగియుండును. నీరుగంటి పైకొనను పట్టి లాగినచో క్రింద నీరు కదలును. గ్రాహకమును అట్టిదే. సగము పొరకు వెలుపల, సగము లోపల. వర్తమానము వెలుపలి కొనకు తగిలిన, లోపలి కొన పనిచేయును.

ఇట్టి వర్తమానములలో ఒకదానిని కనుగొన్నవాడు అమెరికా దేశీయుడగు స్టాన్లీ కోహెన్. చిట్టెలుకల లాలాజలగ్రంథులనుండి తీసిన రసమును అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించగా, అవి వేళకు ముందే కన్నులు తెరచుట యాతడు గమనించెను. చర్మకణములను పెరుగుమని ప్రేరేపించు పదార్థమొకటి యా రసమున నున్నదని తేల్చెను. ఆ కృషికి 1986లో ఆతనికి నోబెల్ బహుమానము లభించెను. ఆ పదార్థమును పట్టుకొను గ్రాహకమునకు మువ్వురు తోబుట్టువులు గలరు. నలుగురిని కలిపి హెర్ కుటుంబమందురు. వీరిలో రెండవది హెర్-2. నేటి కథకు అదియే ప్రధానము.

ఈ కుటుంబమున ఒంటరిగా నెవ్వరును పని చేయరు. వర్తమానము తగిలిన గ్రాహకము తన ఆకారమును మార్చుకొని ఒక చేయి చాచును. అట్లే చేయి చాచిన మరియొక గ్రాహకముతో జత కట్టును. జత కుదిరినంతనే లోపలనున్న తోకలు ఒకదానిపై నొకటి భాస్వరపు ముద్రలు వేసికొనును. మన కచేరీలలో ముద్ర పడని కాగితము చెల్లదు గదా! కణములోను ముద్ర పడిననే యాజ్ఞ చెల్లును. ఆ భాస్వరమును ఇచ్చునది ఏటిపి యను పదార్థము. కణమునకు కావలసిన శక్తి యంతయు చేతులు మారునట్టి నాణెమిది. దీనిని 1929లో కార్ల్ లోమన్ కనుగొనగా, అదే కాలమున అమెరికాలో సైరస్ ఫిస్కెతో గూడి స్వతంత్రముగా కనుగొన్నవాడు 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగుబిడ్డ కనుగొన్న పదార్థమే ప్రతి కణముయొక్క ఆజ్ఞకును ముద్ర వేయుచున్నదని తెలిసికొనుట మనకు సంతోషము.

ముద్రపడిన పిదప ఆజ్ఞ రెండు దారులలో లోనికి సాగును. ఒక దారిలో రాస్ అను మాంసకృత్తు మేల్కొని రాఫ్‌ను, అది మెక్‌ను, అది ఎర్క్‌ను మేల్కొల్పును. చేతినుండి చేతికి ఉత్తరము పోయినట్లు పోయి, తుదకు ఎర్క్ కణకేంద్రమున ప్రవేశించి, "విభజనము పొందుము" అను ఆజ్ఞను అందించును. రెండవ దారిలో పి-ఐ-3 కైనేజు, ఆక్ట్ అను మాంసకృత్తుల మూలమున, "చావవద్దు, ఆహారమును గైకొని బలియుము" అను ఆజ్ఞ పోవును. మొదటి దారి సంతానమునకు, రెండవది ఆయుస్సునకు. ఆరోగ్యవంతమగు కణమున ఈ దారులు కొంచెముసేపే తెరచియుండును. పి-టెన్ అను మరియొక మాంసకృత్తు వెనువెంటనే వచ్చి రెండవ దారిలోని ముద్రను చెరిపివేయును. మడి తడియగానే తూమును మూయువాని వంటిది యది.

ఇక హెర్-2లోని విశేషమేమనగా, దానికి ప్రత్యేకముగా వర్తమానమును తెచ్చు పదార్థ మేదియు ఇంతవరకు కనబడలేదు. తక్కిన తోబుట్టువులు పిలుపు వచ్చినప్పుడే చేయి చాచును. హెర్-2 మాత్రము ఎల్లప్పుడును చేయి చాచియే నిలిచియుండును. అందుచేత తక్కినవారు జత కట్టుటకు దీనినే మిక్కిలి ఇష్టపడుదురు. మూడవదియగు హెర్-3కు సొంతముగా ముద్ర వేయగల బలము మిక్కిలి తక్కువ. కాని హెర్-2తో కూడినచో ఆ జంట యీ కుటుంబమున అందరికంటె గట్టిగా మాటలాడును. హెర్-2 సంఖ్య కొలదిగా నున్నంతవరకు దీనివలన కీడు లేదు. పైగా గుండె కండరమునకు కూడ అది యవసరమే.

మన దేహకణములందు 17వ క్రోమోజోముపై హెర్-2ను తయారుచేయు జన్యువు గలదు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, మొత్తము రెండు ప్రతులు. కొందరి రొమ్మునందు ఏదో యొక కణము విభజనము పొందు తరుణమున పొరపాటు జరిగి ఆ జన్యువు ప్రతులు పెరిగిపోవును. రెండున్నచోట పదులకొలది యగును. ప్రతులు పెరిగినకొలదిని హెర్-2 తయారగును. పదివేల లెక్కన నుండవలసిన గ్రాహకములు ఒక్కొక్క కణముపై ఇరువది లక్షల వరకును చేరగలవు. చేతులు చాచిన వా రిందరు ఇరుకుగా నిలిచినచో, ఎవరి పిలుపును లేకయే ఒకరికొకరు తగిలి జతలు కట్టుదురు. నీరుగంటి రాలేదు, పెద్దలు చెప్పలేదు. ఐనను తూములన్నియు తెరచుకొన్నవి. రేయింబవళ్లు "పెరుగుము, చావకుము" అను ఆజ్ఞ కణకేంద్రమునకు పోవుచునే యుండును. రొమ్ము కాన్సరులలో నూటికి పదునైదు మొదలు ఇరువది వరకు ఈ జాతివి. పూర్వము ఉగ్రమైన వానిలో ఇది యొకటి.

ఇట్టి జ్ఞానము ఒక్కనాట కలిగినది కాదు. 1911లో పేటన్ రౌస్ అను శాస్త్రజ్ఞుడు కోడికి పుట్టిన కంతిని నూరి, కణములన్నియు తొలగునట్లు వడగట్టి, ఆ రసమును వేరొక కోడికి ఎక్కించగా దానికిని కంతి పుట్టెను. ఆ రసమున సూక్ష్మమగు వైరసు గలదు. లోకము ఆతని మాటను చాలకాలము లెక్కచేయలేదు. 55 సంవత్సరములకు పిదప, 1966లో నోబెల్ బహుమానము వచ్చెను. 1976లో బిషప్, వార్మస్ అనువారు అంతకంటె ఆశ్చర్యకరమగు సంగతిని కనుగొనిరి. కంతిని పుట్టించు ఆ వైరసులోని జన్యువు మొదట వైరసుది కాదు. ఆరోగ్యముగా నున్న కోళ్లలోనే యున్నది! కాన్సరు బీజము మన కణములోని మంచి జన్యువే యనియు, అది చెడినప్పుడో మితిమీరినప్పుడో వ్యాధి పుట్టుననియు దీనివలన తేలినది. 1980 తరువాతి సంవత్సరములలో రాబర్ట్ వైన్‌బర్గ్ పరిశోధనాలయమువారు ఎలుకల నాడీకంతులలో అట్టి జన్యువు నొకదానిని పట్టిరి. 1985లో ఆక్సెల్ ఉల్‌రిచ్ మొదలగువారు మానవులలో హెర్-2ను గుర్తింపగా, రెండును ఒకటే యని తెలిసెను.

1987లో లాస్ ఏంజెలిస్ నగరమందలి వైద్యుడు డెన్నిస్ స్లామన్, ఆతని సహచరులును 189 మంది స్త్రీల రొమ్ము కంతులను పరీక్షించిరి. వానిలో నూటికి ముప్పది కంతులయందు హెర్-2 జన్యువు ప్రతులు పెరిగియుండెను. అట్టి స్త్రీలకు వ్యాధి త్వరగా తిరుగబెట్టుటయు, ఆయుస్సు తగ్గుటయు కనబడెను. ఉగ్రతకు కారణము దొరికినది. ఇక దానిని ఆపుట యెట్లు?

1975లో కోలర్, మిల్‌స్టీన్ అనువారు ఒకే గురికి తగులునట్టి ప్రతిరక్షకములను ఎంత కావలసిన నంత తయారుచేయు విధమును కనుగొనియుండిరి. ఆ విధముననే హెర్-2 వెలుపలి భాగమునకు అంటుకొను ప్రతిరక్షకమును ఎలుక కణములనుండి తీసి, మానవదేహము త్రోసివేయకుండునట్లు 1992 నాటికి మార్చిరి. దాని పేరు ట్రాస్టుజుమాబ్. అది హెర్-2ను అంటుకొని సంకేతమును అణచును. మరియు రక్తములోని రక్షకకణములకు "శత్రువు ఇచట నున్నాడు" అని ఆనవాలు చూపును. 1998 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము దీనిని అంగీకరించెను. వ్యాధి దేహమంతట ప్రాకిన 469 మంది స్త్రీలపై జరిగిన పరీక్ష 2001లో ప్రకటితమయ్యెను. రసాయన ఔషధములను మాత్రమే పొందినవారు సగటున 20 నెలలు జీవింపగా, దీనిని గూడ పొందినవారు 25 నెలలు జీవించిరి. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని వ్యాధి ప్రాకకమునుపే, శస్త్రచికిత్స చేసి దీనిని ఇచ్చినప్పుడు ఫలము వేరు. 2005లో వెలువడిన పరీక్షలలో వ్యాధి తిరుగబెట్టుట సుమారు సగమునకు తగ్గెను. మందు ఒక్కటే, వేళకు వచ్చినవారికి జీవితము నిచ్చినది, ఆలసించినవారికి నెలలు మాత్రమే ఇచ్చినది. ఈ భేదమును మీరు మనసున నుంచుకొనవలెనని నా ప్రార్థన.

ఈ మందు అందరికిని పనిచేయునా? చేయదు. కొందరి కంతులలో ముద్రను చెరిపెడి పి-టెన్ నశించియుండును. లేదా రెండవ దారిలోని పి-ఐ-3 కైనేజు తానే చెడి, పైనుండి ఆజ్ఞ రాకున్నను తెరచియే యుండును. పై తూమును మూసిన నేమి, క్రింద కట్టకు గండి పడినప్పుడు? అందుచేత శాస్త్రజ్ఞులు లోపలి తోకకు ముద్ర పడకుండ జేయు మాత్రలను, హెర్-2 జత కట్టకుండ జేయు మరియొక ప్రతిరక్షకమును తయారుచేసిరి. 2013లోను, 2019లోను వచ్చిన మరి రెండు మందులు విషము పూసిన బాణముల వంటివి. ప్రతిరక్షకమునకు విషమును కట్టి పంపుదురు. అది హెర్-2 మిక్కిలిగా నున్న కణమును వెదకి చొచ్చి, లోపల విషమును విడుచును.

హెర్-2 లేని ఉగ్రమగు జాతియు నొకటి కలదు. రొమ్ము కణములు విను మాటలలో ముఖ్యమైనవి మూడు: ఈస్ట్రోజెను, ప్రొజెస్టెరోను అను స్త్రీసంబంధమగు రెండు హార్మోనులును, ఈ హెర్-2 ద్వారమున వచ్చు ఆజ్ఞయు. ఈ మూడింటి గ్రాహకములును మిక్కిలిగా లేని కంతిని త్రిగుణరహితమని చెప్పవచ్చును. ఇందు తరచుగా పి-53 అను కావలివాడు చెడియుండును. జన్యువులు దెబ్బతిన్న కణమును ఆపి, బాగుపడనిచో చంపునది యా మాంసకృత్తు. కావలివాడు లేని కోటలో దొంగకు అడ్డు లేదు. మన దేశమున నీ జాతి పాశ్చాత్యదేశములకంటె హెచ్చు పాలు కనబడుచున్నది. వయసున చిన్నవారికి వచ్చుటయు గలదు. దీనికి హార్మోను మాత్రలు గాని, ట్రాస్టుజుమాబ్ గాని పనిచేయవు. రసాయన ఔషధములు పనిచేయును. ఈ మధ్యకాలమున రక్షకకణములను మేల్కొల్పు మందులును వచ్చినవి.

నేను వైద్యవృత్తియం దున్నవాడను. పల్లెలనుండి వచ్చు స్త్రీలను ఇంతకాలము ఏల రాలేదని యడిగినప్పుడు తరచుగా వినుమాట యొకటి కలదు: "నొప్పి లేదు కదా, బాబూ!" ఆ మాటలో తప్పేమియు లేదు. నొప్పి యున్న వైద్యునికడకు పోవలెననియే మనము అందరికిని నేర్పితిమి. కాని రొమ్ము కాన్సరు ఆరంభమున ప్రాయికముగా నొప్పి పెట్టదు. గట్టిగా, కదలక నుండు గడ్డ, చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి పోవుట, దానినుండి నెత్తురు స్రవించుట, చంకలో గడ్డ: వీనిలో ఏది కనబడినను సిగ్గుపడక చూపింపవలెను. ప్రతి గడ్డయు కాన్సరు కాదు. పెక్కు గడ్డలు నిరపాయములు. ఏది యేదో కంటికి తెలియదు, సూదితో చిన్న ముక్కను తీసి చూచిననే తెలియును. సూది తగిలిన వ్యాధి ప్రాకునను భయము పల్లెలలో గలదు. ఆ భయముచే పరీక్ష మానుకొనుట, దీపము వెలిగించిన దొంగ చూచునని చీకటిలో కూర్చుండుట వంటిది.

ముక్కను తీసినప్పుడు మీరు అడుగవలసిన ప్రశ్న యొక్కటి: "ఆ మూడు గ్రాహకముల పరీక్షయు చేసితిరా?" హెర్-2కు సున్న మొదలు మూడు వరకు గుర్తు వేయుదురు. మూడైన అది హెర్-2 జాతి. రెండైన జన్యువు ప్రతులను లెక్కించు మరియొక పరీక్ష కావలెను. ఆ కాగితమును భూమి పట్టావలె భద్రపరుపుడు. వేరొక ఆస్పత్రికి పోయినను చికిత్సకు అదియే ఆధారము.

ఖరీదు మాట. ఈ మందు వచ్చిన క్రొత్తలో సామాన్యులకు అందనిదిగా నుండెను. 2014 మొదలు మన దేశముననే, బెంగుళూరు సంస్థ తయారుచేసినది అమ్మకమునకు వచ్చెను. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని అత్యవసరమగు ఔషధముల పట్టికలో చేర్చెను. వెల తగ్గినది గాని, నేటికిని పేదకు భారమే. కావున పొలము నమ్ముటకు ముందు ప్రభుత్వ కాన్సరు ఆస్పత్రులకు పోయి, ప్రభుత్వ సహాయమును గూర్చి విచారించుట మేలు. సాధారణముగా ఈ మందును మూడేసి వారముల కొకమారు ఒక సంవత్సరము పాటు ఇత్తురు. గుండె బలము తగ్గునేమో యని నడుమ నడుమ పరీక్షింతురు. నాట్లు వచ్చినవనియో, బండికూలి లేదనియో నడుమ మానరాదు. ఇచట గ్రామపెద్ద మాట మందువలె పనిచేయును. ఆమెను తీసికొనిపోవుటకు మనుష్యు నొకని కుదుర్చుట, పిల్లలకు కూడు వండువారిని చూచుట, ఇవి చిన్నపనులు కావు.

తుదకు నొక ముఖ్యమగు మాట. ఇది అంటువ్యాధి కాదు. ఆమె కంచమున తినిన రాదు, ఆమె చంటిబిడ్డను ఎత్తిన రాదు. హెర్-2 జన్యువు పెరుగుట యనునది రొమ్ములోని కణమున నడుమ కలిగిన మార్పు; బిడ్డలకు సంక్రమించునది కాదు. నూటికి అయిదు పది కేసులలో మాత్రము వేరే జన్యుదోషములు వంశమున వచ్చుట గలదు. ఒకే యింట తల్లికిని అప్పచెల్లెండ్రకును వచ్చినచో వైద్యుని యడుగవలెను. అంతేకాని, తల్లికి ఈ వ్యాధి వచ్చినదని కుమార్తె సంబంధమును తప్పించుట న్యాయము కాదు, శాస్త్రమును కాదు. పూర్వజన్మపాపమనుటయు తగదు. ఒక కణమున ఒక జన్యువు ప్రతులు మితిమీరుటకు ఆ యిల్లాలు చేసిన యపరాధమేమున్నది?

కణము మాట మీరినప్పుడు దానిని ఆపు ఉపాయమును శాస్త్రము కనుగొన్నది. ఆ యుపాయము వేళకు అందునట్లు చూచుట మనుష్యుల చేతిలో నున్నది. మీ గ్రామమున స్త్రీలు మీ యెదుట ఈ మాట నెత్తుటకు జంకుదురు. కావున ముందుగా మీరే మీ యిండ్లలో నెత్తవలెను. పెద్దలు పలికిన మాటను పలుకుటకు పిన్నలు సిగ్గుపడరు.